బ్యాండికూట్ అంటే పందికొక్కు కాదు (ఒకప్పుడు అదే అయినా)

ఆ డాక్యుమెంటరీ నిడివి 52 నిమిషాలు. అందులో బ్యాండికూట్ అనే మాట 43 సార్లు వచ్చింది. లెక్క ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందంటే, 43 చోట్లా నేను ముందు పందికొక్కు అని రాసి, తర్వాత 43 చోట్లా కొట్టేసి మళ్ళీ రాశాను. నేను చేసేది డబ్బింగ్ స్క్రిప్టుల అనువాదం, ఎక్కువగా జంతువుల మీద, ప్రయాణాల మీద వచ్చే కార్యక్రమాలు. పదకొండేళ్లుగా ఇదే పని. ఒక్క మాట మీద ఇంత టైమ్ పెట్టింది మాత్రం ఇదొక్కసారే, దానికి విడిగా డబ్బులు కూడా రాలేదు, కనీసం ఏం జరిగిందో మొత్తం రాసిపెడితే ఈ పనిలో ఉన్న ఇంకెవరికైనా ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నా.

ముందు సినిమా సంగతి. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలో ఈస్టర్న్ బార్డ్ బ్యాండికూట్ అనే చిన్న జంతువు ఉంది, ముప్పావు కిలో బరువు, పొడుగు మూతి, వెనక భాగం మీద తెల్లటి చారలు. గడ్డి మైదానాల్లో రాత్రిళ్లు తిరుగుతూ మూతితో, గోళ్లతో నేల తవ్వి పురుగులు తింటుంది. ఆ మైదానాలన్నీ పొలాలు, మేత బీళ్లు అయిపోయాయి. తెల్లవాళ్లు తెచ్చిన నక్కలు, పిల్లులు మిగిలినవాటిని తినేశాయి. చివరికి ఆ ఖండం మీద మిగిలిన కాసిని బ్యాండికూట్‌లు హామిల్టన్ అనే ఊరి చెత్తకుప్ప దగ్గర, పాడైపోయిన కార్ల కింద దాక్కుని బతికాయి. 1988లో వాటిని పట్టి బోనుల్లో పెంచడం మొదలుపెట్టారు, తర్వాత నక్కలు లేని దీవుల్లో వదిలారు, గొర్రెల్ని కాచే మరెమ్మా జాతి కుక్కలకి వీటికి కాపలా కాయడం నేర్పారు. 2021లో విక్టోరియా ప్రభుత్వం ఈ జంతువుని ‘అడవిలో అంతరించినది’ అనే జాబితా నుంచి తీసి ‘ప్రమాదంలో ఉన్నది’ అనే జాబితాలోకి మార్చింది. అంతరించిన జాబితాలోంచి ఒక జంతువు ఇలా వెనక్కి రావడం చాలా అరుదు, సినిమా అంతా ఆ సంతోషమే.

నేను నిఘంటువు తీశాను. బ్యాండికూట్: పందికొక్కు. ఫోన్‌లో అనువాదం యాప్‌ని అడిగితే అదీ అదే చెప్పింది. నాకూ తెలిసిన మాటే కాబట్టి ఇంక ఆలోచించకుండా రాసుకుంటూ పోయాను. మొత్తం స్క్రిప్టు ఒకసారి చివరిదాకా చదివి మొదలుపెట్టాలని కొత్తగా వచ్చేవాళ్లకి నేనే చెబుతుంటా, ఆ వారం తొందర్లో నేనే అది చేయలేదు.

38వ నిమిషంలో ఇంగ్లీషు వ్యాఖ్యాత ఒక వాక్యం అంటాడు. దానికి నా తెలుగు ఇలా వచ్చింది: “పందికొక్కుకి ఆ పేరు ఇండియాలో ఉండే పందికొక్కు నుంచి వచ్చింది, కానీ పందికొక్కుకీ పందికొక్కుకీ ఏ సంబంధమూ లేదు.”

టైప్ చేసి, టీ తాగి వచ్చి, మళ్ళీ చదివాను. కాసేపు నా మీద నాకే నవ్వొచ్చింది, ఆ తర్వాత టెన్షన్ మొదలైంది, ఎందుకంటే రెండు రోజుల్లో రికార్డింగ్ ఉంది.

నిజానికి ఆ వాక్యం దాకా రాకముందే వాసన పసిగట్టాల్సింది. మొదటి 20 నిమిషాల భాగం వాయిస్ ఆర్టిస్టుకి ముందే పంపాను. ఆయన ఫోన్ చేసి, “మేడమ్, ‘ఈ బుజ్జి పందికొక్కు పిల్ల’ అని నేను ఎంత ప్రేమగా చదివినా తిట్టినట్టే వస్తోంది” అన్నాడు. నేను పట్టించుకోలేదు. అదే రోజు సాయంత్రం ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ఆ ముక్క వేసి నా స్క్రిప్టు పైకి చదువుతుంటే మా అత్తయ్య వంటింట్లోంచి వచ్చి నిలబడి చూసి, “మనం పందికొక్కులకి మందు పెట్టలేక చస్తుంటే వాళ్లు కుక్కల్ని కాపలా పెట్టి పెంచుతున్నారా, ఇదేం చోద్యమే” అంది. సినిమా తీసినవాళ్లు ప్రేక్షకుడి కంట్లో నీళ్లు రావాలనుకున్న సీన్ అది.

తెలుగులో పందికొక్కు అంటే ఏంటో విడమర్చి చెప్పక్కర్లేదు. మాది తెనాలి దగ్గర ఊరు. చేలగట్లలో బొరియలు చేసి, లోపల కంకులు కొరికి తెచ్చి కుప్పలు వేసుకునేది అదే. మా చిన్నప్పుడు యానాదులు వచ్చి ఆ బొరియలకి పొగబెట్టి కొక్కుల్ని పట్టి, లోపలి కంకులు తీసుకుని వెళ్లేవాళ్లు, ఒక్కో బొరియలో ఎన్ని కంకులు ఉండేవో చూస్తే రైతుకి కడుపు మండేది. ఊళ్లలో మురుగుకాలవల పక్కన గోడలు తొలిచేది దాని పెద్దన్న, కిలో దాకా తూగుతుంది, తరుముకొస్తే గుర్రుమని పందిలా అరుస్తుంది. శాస్త్రజ్ఞులు ఈ రెంటినీ బ్యాండికోటా అనే ఒకే ప్రజాతిలో పెట్టారు, అంటే లాటిన్ పేరులోనూ ఉన్నది మన పందికొక్కే. ఇక మాటల్లో అయితే చెప్పేదేముంది, పందికొక్కులా మేస్తున్నాడు, పందికొక్కుల్లా దోచుకుతిన్నారు, ఎన్నికలొస్తే రోజూ వినే మాటలు. ఇదే సినిమాకి హిందీ స్క్రిప్టు రాస్తున్న మిత్రుడిని అడిగితే వాళ్ల భాషలో ఈ ఎలుకని ఘూస్ అంటారని చెప్పాడు. లంచాన్ని కూడా ఘూస్ అనే అంటారు. ఆ పోలిక వాళ్లకీ తోచిందేమో అనుకున్నా కానీ, ఆ రెండు మాటలకీ నిజంగా చుట్టరికం ఉందో లేదో నేను చూడలేదు, నా తలనొప్పి నాకే సరిపోయింది.

మా నాన్నకి ఫోన్ చేశాను. బ్యాండికూట్ ఫోటో వాట్సాప్‌లో పంపి, “ఇదేంటి నాన్నా?” అన్నాను, పేరు చెప్పలేదు.

“ముంగిస లాగా ఉంది... కాదు, కుందేలు లాగా ఉంది. మూతి చుంచు మూతి. ఏ ఊరిదమ్మా ఇది?”

“పందికొక్కు అంటున్నారు.”

“ఎవరా అన్నది? వాణ్ణి ఒకసారి మన చేనుకి తీసుకురా.”

అది సంచి జంతువు నాన్నా, కంగారూ లాగా, పిల్లని సంచిలో పెట్టుకుంటుంది, కాకపోతే నేల తవ్వేటప్పుడు మట్టి లోపలికి పోకుండా సంచి మూతి వెనక్కి ఉంటుంది అని చెప్పాను. ఆయన కాసేపు ఆగి, “అయితే తెలివైందే, కానీ కొక్కు కాదు” అన్నారు. నా కేసులో మొదటి నిపుణుడి అభిప్రాయం అదే, మిగతా పరిశోధన అంతా దాన్ని బలపరచడమే చేసింది. ఎలుకలు, మనుషులు, ఏనుగులు ఒక వైపు, సంచి జంతువులు ఇంకో వైపు, ఈ రెండు శాఖలూ విడిపోయి దాదాపు 16 కోట్ల ఏళ్లు అయిందని అంచనా. ఆ లెక్కన మన పందికొక్కుకి బ్యాండికూట్ కన్నా మా అత్తయ్యే దగ్గరి చుట్టం. ఈ మాట ఇంట్లో అనలేదు.

మరి పేరు అక్కడికి ఎలా వెళ్లింది? ఇక్కడ కొంచెం నెమ్మదిగా చెప్పాలి, నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

ఈస్టిండియా కంపెనీ వాళ్లు 1611లోనే మచిలీపట్నంలో దిగారు, 1639లో మద్రాసు. వాళ్ల జీవితమంతా గిడ్డంగుల చుట్టూ, గిడ్డంగి ఉన్నచోట పందికొక్కు ఉంటుంది. (గోడౌన్ అనే ఇంగ్లీషు మాట మలయ్ వాళ్ల గుడాంగ్ నుంచి వచ్చింది, దాని వెనక మన గిడ్డంగి, తమిళుల కిడంగు ఉన్నాయని చాలామంది నిఘంటుకారులు అంటారు. సరుకు దాచే చోటికి, ఆ సరుకు తినే ఎలుకకి రెంటికీ మనమే పేర్లిచ్చామన్నమాట.) తమిళులు ఈ జంతువుని పెరుచ్చాళి అంటారు, కన్నడిగులు హెగ్గణ అంటారు. ఇంగ్లీషువాడి నోటికి మాత్రం మన పందికొక్కే అంటుకుంది. ప పోయి బ వచ్చింది, కొక్కు కాస్తా కూట్ అయింది. కూట్ అనేది వాళ్ల చెరువుల్లో తిరిగే ఒక నల్ల పక్షి పేరు, చెవికి అలవాటైన శబ్దం కాబట్టి అటు జారి ఉంటుందని నా ఊహ, ఊహ మాత్రమే.

భారతదేశంలో ఇంగ్లీషువాళ్లు వాడిన మాటల మీద యూల్, బర్నెల్ కలిసి 1886లో తెచ్చిన హాబ్సన్-జాబ్సన్ అనే నిఘంటువు ఉంది, దాంట్లో ఈ మాట కింద తెలుగు పంది-కొక్కు అని స్పష్టంగా రాసి, పాత పుస్తకాల్లోంచి వాక్యాలు ఇచ్చారు. 14వ శతాబ్దంలో ఇబ్న్ బతూతా దేవగిరి కోట చెరసాలల్లో పిల్లుల కన్నా పెద్ద ఎలుకలు ఉన్నాయనీ, వాటిని చూసి పిల్లులే పారిపోతాయనీ రాశాడు, ఆయనకి పేరు తెలియదు, జంతువు మాత్రం తెలుసు. బ్యాండికూట్ అనే పేరు పెట్టి రాసినవాడు మన్రో, 1789లో. రాయలసీమలో దేవుడిలా కొలిచే థామస్ మన్రో కాదు, ఇన్నెస్ మన్రో అని కోరమాండల్ తీరంలో యుద్ధాలు చేసిన ఇంకో సైనికుడు. ఆయన ఏమన్నాడంటే, బ్యాండికూట్ అనే కంపు ఎలుక ఒకటుంది, దాని బాధ ఎక్కువగా దాని వాసనే అని. కంపు కొట్టేది పందికొక్కు కాదు, చుంచు. అంటే ఆ వాక్యంలోనే ఆ పేరు వేరే జంతువు మీద పడిపోయి ఉంది! 1828లో ఇంకొకాయన ఏకంగా బ్రాండీ-క్యూట్స్ అని రాశాడు, పాపం ఆయన ఏ మూడ్‌లో విన్నాడో.

ఇదంతా చదువుతుండగా నేను ఇంకో తప్పు చేశాను, అదీ రాయాలి. ఆ నిఘంటువుని 1903లో క్రుక్ అనే ఆయన పెంచి మళ్లీ వేశాడు, అందులో ఆయన చేర్చిన ఒక ముక్క ఉంది: ఆస్ట్రేలియాలో ప్రసిద్ధమైన బెండిగో బంగారు గనుల పేరు కూడా ఈ మాట నుంచే వచ్చిందని. బెండిగో ఉన్నది విక్టోరియాలోనే, మన సినిమా జరిగేదీ అక్కడే. నాకు చెప్పలేనంత సంబరం వేసింది, ఒక ఇంగ్లీషు ఊరికి తెలుగు పందికొక్కు పేరు! ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టేశాను. మెల్‌బోర్న్‌లో ఉండే మా బావ అరగంటలో సమాధానం పెట్టాడు: “బెండిగో ఒక బాక్సర్ పేరు, ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు.” చూస్తే ఆయన మాటే నిజం. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో విలియం అబెడ్నిగో థాంప్సన్ అనే బాక్సర్ ఉండేవాడు, ఆయన్ని బెండిగో అని పిలిచేవాళ్లు, ఆస్ట్రేలియాలో గొర్రెల మంద దగ్గర పనిచేసే ఒకడికి ఆ ముద్దుపేరు పడింది, అతని పేరు మీద వాగు, వాగు పేరు మీద ఊరు. నిఘంటువులో అచ్చయింది కాబట్టి నిజమే అనుకోవడం అదే వారంలో రెండోసారి. స్క్రిప్టులోకి ఎక్కించకముందే దొరికిపోయాను, అదొక్కటే అదృష్టం.

సరే, ఎలుక పేరు సముద్రం దాటిన సంగతికి వద్దాం. 1788లో సిడ్నీలో ఖైదీల వలస మొదలైంది. కొత్త ఊరికి తిండి, సారా, పశువులు తెచ్చే ఓడల్లో కొన్ని కలకత్తా నుంచి వచ్చేవి. 1797లో సిడ్నీ కోవ్ అనే ఓడ కలకత్తా నుంచి సరుకుతో వస్తూ టాస్మానియా దగ్గర ఒక దీవి పక్కన మునిగింది కూడా. అంటే ఆ రెండు తీరాల మధ్య నావికులు, సైనికులు, వాళ్ల మాటలు తిరుగుతూనే ఉన్నాయి. ఆ దశాబ్దం ముగిసేసరికే అక్కడి ఇంగ్లీషువాళ్లు పొదల్లో నేల తవ్వుతూ కనిపించే పొడుగు మూతి జంతువుల్ని బ్యాండికూట్ అనడం మొదలుపెట్టారు. నేల తవ్వుతుంది, మూతి పొడుగు, పిల్లి కన్నా చిన్నది, ఎలుక కన్నా పెద్దది. చాలు వాళ్లకి. ఒక కొత్త ఖండంలో అడుగుపెట్టినవాడు ప్రతి చెట్టుకీ పుట్టకీ ఎక్కడో విన్న పేరు తెచ్చి తగిలిస్తాడు, జేబులో ఉన్న మాటల్లో దీనికి సరిపడినట్టు తోచింది ఇదీ.

శాస్త్రజ్ఞులేమైనా తక్కువ తిన్నారా అంటే, ఫ్రాన్సులో జియోఫ్రాయ్ సెంట్ హిలేర్ ఈ జంతువులకి పెరమెలిస్ అని పేరు పెట్టాడు. అర్థం సంచి ఉన్న బ్యాడ్జర్. బ్యాడ్జర్ ఇంకో ఖండపు ఇంకో జంతువు.

ఇక్కడ నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించిన విషయం ఒకటుంది. అక్కడి ఆదివాసుల భాషల్లో ఆ జంతువులకి పేర్లు లేవా? ఉన్నాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో నూంగార్ ప్రజలు తమ ప్రాంతపు బ్యాండికూట్‌ని క్వెండా అంటారు, ఇప్పుడు అక్కడ ఇంగ్లీషులో కూడా ఆ పేరే వాడుకలో ఉంది. దీని చుట్టం, పొడుగు చెవుల బిల్బీ, ఆ పేరూ యువాలరాయ్ భాషదే. కంగారూ అనే మాట కూడా 1770లో కెప్టెన్ కుక్ ఓడ ఆగినప్పుడు గుగు యిమిధిర్ వాళ్ల నోట విని రాసుకున్నదే (అది మన కంగారుతో కలవడం ఉత్త యాదృచ్ఛికం, మా స్క్రిప్టుల్లో దాంతో వచ్చే బాధలు ఇంకో రోజు). తూర్పు వైపు మాత్రం అలాంటి పేర్లు చాలావరకు మరుగున పడ్డాయి, వాటి మీద కూర్చున్నది ఒక తెలుగు మాట. తెలుగు మాట ఇంగ్లీషులోకి వెళ్లిందని మనం గొప్పగా చెప్పుకునే జాబితాల్లో ఇదెప్పుడూ మొదట్లోనే ఉంటుంది, నేనూ చెప్పుకున్నా. అది అక్కడ ఎవరి మాటని తొక్కేసి నిలబడిందో ఈ పని చేసేదాకా ఆలోచించలేదు.

అక్కడికి చేరాక మాట ఊరికే కూర్చోలేదు. మన దగ్గర పందికొక్కు అంటే తిండిపోతు, దొంగ. ఆస్ట్రేలియా ఇంగ్లీషులో బ్యాండికూట్ అంటే దిక్కులేనివాడు, ఏకాకి. బ్యాండికూట్ అంత దిగులుగా ఉన్నాడు అంటారు, కాలిపోయిన గుట్ట మీద బ్యాండికూట్ లాగా అంటారు, అంటే మొత్తం కాలిపోయాక మిగిలిన ఒంటరి ప్రాణి అని. బ్యాండికూట్ అంత బట్టతల అని కూడా అంటారు, దానికి ఒళ్లంతా బొచ్చు ఉంటుంది మరి, ఎందుకన్నారో. అంటే మన తిట్టులో ఉన్న కొవ్వంతా కరిగిపోయి అక్కడ జాలి మిగిలింది. సినిమాలో ఒక ముసలి రైతు తన చిన్ననాటి కరువు గురించి చెబుతూ ఈ పోలిక వాడతాడు. దాన్ని ‘పందికొక్కు లాగా మిగిలిపోయాను’ అని రాస్తే తెలుగు ప్రేక్షకుడికి ఆయన బాగా తిని బలిశాడని అర్థమవుతుంది. అక్కడ జంతువుని మొత్తం తీసేసి ‘కాలిన చేలో గడ్డిపరకలా మిగిలాను’ అని రాశాను. పోలిక మారింది, మనిషి గొంతు మారలేదు, దానికి నేను పశ్చాత్తాపపడట్లేదు.

ఆ మాటని వాళ్లు క్రియగా కూడా వాడతారు, ఇది మాత్రం నాకు తెగ నచ్చింది. బ్యాండికూట్ చేయడం అంటే పొరుగువాడి చేలో పైన ఆకులు, మొక్క కదలకుండా కింద నుంచి చెయ్యి పెట్టి బంగాళాదుంపలు లాగేసుకోవడం. పొద్దున్నే రైతు చూస్తే మడి పచ్చగానే ఉంటుంది, తవ్వినప్పుడు తెలుస్తుంది లోపల ఏమీ లేదని. అదే ముసలాయన నవ్వుతూ, మేం కుర్రాళ్లం అప్పట్లో దుంపలు బ్యాండికూట్ చేసేవాళ్లం అంటాడు. రెండు వందల ఏళ్లు, రెండు సముద్రాలు తిరిగి మాట మళ్లీ దొంగతనం దగ్గరికే వచ్చింది, పందికొక్కు చేసే పనికి అంత దగ్గరగా! అక్కడ ఒక్కచోట నా పాత మాట వాడుకునే అవకాశం వచ్చింది: “మేమూ పందికొక్కుల్లాగే, పైన ఆకు కదలకుండా కింద దుంప లాగేసేవాళ్లం.” వాయిస్ ఆర్టిస్టు ఈ వాక్యాన్ని ఒక్క టేక్‌లో చదివాడు.

ఇక అసలు నిర్ణయం. ఛానెల్ తరఫున స్క్రిప్టు చూసే ఎడిటర్‌తో గంటన్నర మాట్లాడాం. ఆయనకి అచ్చ తెలుగు మాట కావాలి, సంచికొక్కు అని సూచించాడు. వినడానికి బాగుంది, ఒప్పుకుంటా. కానీ కొక్కు అన్న క్షణం అది ఎలుక అయిపోతుంది, మా అత్తయ్య మళ్లీ వంటింట్లోంచి బయటికి వస్తుంది. సంచిమూతి, తవ్వుడుపిల్లి, ఇలా ఇద్దరం చాలా పుట్టించాం, అన్నీ చందమామలో రాక్షసుల పేర్లలా ఉన్నాయి. క్వెండా అందామంటే అది పశ్చిమాన ఉండే వేరే రకం, ఈ సినిమాలోది కాదు. మిగిలింది బ్యాండికూట్. ఎడిటర్ అభ్యంతరం ఏంటంటే, తెలుగు మాటని ఇంగ్లీషు యాసలో తెలుగువాళ్లకే తిరిగి ఇవ్వడం సిగ్గుగా లేదా అని. నా జవాబు: అది ఇప్పుడు తెలుగు మాట కాదు. పుట్టింది ఇక్కడే కానీ, ఇప్పుడు దానికి వేరే జంతువు, వేరే సామెతలు, వేరే క్రియ ఉన్నాయి. అమెరికాలో పుట్టి పెరిగిన మనవడికి తాతపేరే పెట్టాం కదా అని ఇద్దరూ ఒకటే అవుతారా?

వాదన గెలిచింది మాత్రం నేను కాదు. ఎడిటర్ తన తొమ్మిదేళ్ల కొడుకుని పిలిచి ఫోటో చూపించకుండా, బ్యాండికూట్ అంటే ఏంట్రా అని అడిగాడు. వాడు తల ఎత్తకుండా, “క్రాష్ బ్యాండికూట్ కదా డాడీ, ఆస్ట్రేలియా యానిమల్” అన్నాడు. అది 1996లో ప్లేస్టేషన్ కోసం నాటీ డాగ్ అనే అమెరికన్ కంపెనీ చేసిన ఆట. ముందు వాంబాట్ అనే ఇంకో ఆస్ట్రేలియా జంతువు అనుకుని విల్లీ ది వాంబాట్ అని పిలుచుకుని, తర్వాత దాన్ని బ్యాండికూట్ చేశారట. నారింజ రంగు, చేతులకి గ్లౌజులు, అసలు జంతువుతో పెద్దగా పోలికే లేదు. అయినా తెలుగు ఇంట్లో పెరుగుతున్న పిల్లాడికి ఆ మాట ముందే తెలుసు, పందికొక్కు అనే మాటే తెలియదు. అది కూడా అడిగి చూశాం, “పంది... ఏంటి?” అన్నాడు.

అలా 43 చోట్లా మారింది. మొదటిసారి వచ్చినచోట నాకు దొరికిన ఖాళీ సరిగ్గా ఏడు సెకన్లు, అక్కడ ఇంగ్లీషులో లేని రెండు వాక్యాలు ఇరికించాను: “దీని పేరు బ్యాండికూట్. పేరు మన పందికొక్కుదే, జంతువు మాత్రం కంగారూ వైపు చుట్టం.” 38వ నిమిషంలో నన్ను పట్టిచ్చిన వాక్యాన్ని దీనికి తగ్గట్టు కుదించాను, అప్పటికే చెప్పేసిన సంగతి కాబట్టి. మూలంలో లేనిది చేర్చడం మా పనిలో మామూలుగా తప్పు. ఇక్కడ చేర్చకపోతే తెలుగువాడికి మాత్రమే తగిలే ఒక సరదా పోతుంది, ఇంగ్లీషు ప్రేక్షకుడికి పందికొక్కు అంటే ఒక అక్షరాల కుప్ప, మనకి అది మన చేను. ఎడిటర్ ఒప్పుకున్నాడు. మా అత్తయ్య ప్రసారం చూసి, “చారలు బాగున్నాయి” అంది, నాకు అది చాలు.

ఈ కేసు వల్ల వెంటనే లాభపడిన సంగతి ఒకటి చెబుతా. కొన్ని నెలల తర్వాత మ్యాన్‌హోళ్లు శుభ్రం చేసే యంత్రాల మీద చిన్న కార్యక్రమం వచ్చింది. 2018లో తిరువనంతపురంలో జెన్‌రోబోటిక్స్ అనే సంస్థ కుర్రాళ్లు మనుషులు మురుగులోకి దిగకుండా ఒక రోబో చేశారు, సాలీడు కాళ్ల లాంటి కాళ్లతో గుంటలోకి దిగి, చేత్తో చెత్త ఎత్తి బకెట్లో వేసి పైకి పంపుతుంది. దాని పేరు బ్యాండికూట్. చూశారా, ఇప్పుడు మాట మళ్లీ మన మురుగుకాలవలోకి వచ్చింది, ఇక్కడ దాని అర్థం సంచి జంతువు కాదు, దిక్కులేనివాడూ కాదు, పక్కా పందికొక్కే. ఇండియా ఇంగ్లీషులో ఈ మాట ఎలుకని ఎప్పుడూ వదల్లేదు. ఎవరో జూనియర్ రాసిన మొదటి డ్రాఫ్ట్‌లో ‘ఆస్ట్రేలియా జంతువు పేరు పెట్టిన రోబో’ అని ఉంది, బహుశా ఇంటర్నెట్‌లో చూసి ఉంటాడు, లేదా నా పాత స్క్రిప్టు చూసే నేర్చుకున్నాడేమో. కొట్టేసి ‘పందికొక్కు పేరు పెట్టుకున్న రోబో’ అని రాశాను. ఒక్క ఏడాదిలో ఒకే మాటకి రెండుసార్లు, రెండు వైపులా దిద్దుబాటు.

స్క్రిప్టులో నాకు ఇప్పటికీ సరిగ్గా కుదరలేదు అనిపించేది చివరి నిమిషం. అక్కడ తిరిగిరాని జంతువుల పేర్లు వరసగా వస్తాయి, వాటిలో ఒకటి పిగ్-ఫుటెడ్ బ్యాండికూట్. ముందు కాళ్లకి రెండేసి వేళ్లే ఉండి, చిన్న డెక్కల్లా కనిపించేవి కాబట్టి ఆ పేరు. 1836లో మిచెల్ అనే అన్వేషకుడి బృందానికి దొరికిన మొదటి నమూనాకి తోక ఊడిపోయి ఉంది, దాన్ని చూసి శాస్త్రజ్ఞులు తోక లేనిది అని లాటిన్‌లో పేరు పెట్టేశారు, తర్వాత దొరికిన ప్రతిదానికీ శుభ్రంగా తోక ఉంది. ఇప్పుడు ఆ జంతువూ లేదు, తోకా లేదు. నేను ‘పందికాళ్ల బ్యాండికూట్’ అని రాశాను.

రికార్డింగ్ గదిలో వాయిస్ ఆర్టిస్టు ఆ లైన్ దగ్గర ఆగి, మైక్ పక్కకి తిప్పి, “మేడమ్, మీరు చెప్పిన లెక్కన బ్యాండిలో ఆల్రెడీ పంది ఉంది. మళ్లీ పందికాళ్లు అంటే పంది రెండుసార్లు వచ్చినట్టే కదా?” అన్నాడు.

వచ్చినట్టే అన్నాను. టైమ్ చూసి, “సరే, చదివేయండి” అన్నాను.